పగలు చేసిన పని, రాత్రి వచ్చే నొప్పి: ఒక గర్భిణి కటి నొప్పి కేసు

మా క్లినిక్ ముందు ఉన్నది ఒక్కటే మెట్టు. దాన్ని ఎక్కడానికి ఆమె పడిన అవస్థలోనే నాకు సగం విషయం అర్థమైంది. గోడ పట్టుకుని ముందు ఎడమ కాలు పైన పెట్టింది. కాసేపు ఆగింది. తర్వాత కుడి కాలిని ఎత్తకుండా, ఈడ్చినట్టుగా తెచ్చి పక్కన కలిపింది. వెనకే వస్తున్న అత్తగారు, "చూశారా మేడమ్, రెండు వారాల నుంచి ఇదే నడక" అన్నారు.

నేను ఫిజియోథెరపిస్టుని. గర్భిణులు, బాలింతలు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఈ కేసును ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, వీధి, ఆస్పత్రి వివరాలు ఇవ్వడం లేదు.

వయసు 29. రెండో కాన్పు, 24వ వారం. మొదటి పాపకు మూడేళ్లు. ఊరు తెనాలి. ఇల్లు మొదటి అంతస్తులో, పని కింది గదిలో. ఆ గదిలో కాలితో తొక్కే కుట్టు మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. జూన్ నెల మధ్యలో వచ్చింది. శ్రావణ మాసం ఆర్డర్లు అప్పటికే మొదలయ్యాయి.

నొప్పి 19వ వారంలో కుడి పిరుదు పైభాగంలో చిన్న పట్టులా మొదలైందట. నెల తిరక్కుండానే ముందు వైపు, పొత్తికడుపు కింద ఉన్న ఎముక దగ్గరా మొదలైంది. పడుకుని పక్క తిరిగితే కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుందంది. మెట్లు ఎక్కాలన్నా, లంగాలో కాలు దూర్చడానికి ఒంటికాలి మీద నిలబడాలన్నా, భర్త బండి వెనక ఒకపక్కగా కూర్చుని దిగాలన్నా ప్రాణం మీదికి వస్తోంది. సున్నా నుంచి పది వరకు లెక్కలో పగలు 4, రాత్రి 7. తొలి కాన్పులో తొమ్మిదో నెలలో కూడా ఇలాంటి నొప్పే కొంచెం వచ్చి, బిడ్డ పుట్టాక నెలలో పోయిందట. ఈ చివరి మాట ముఖ్యం. ఒక కాన్పులో ఈ నొప్పి వచ్చినవాళ్లకు, గర్భానికి ముందే నడుము నొప్పి ఉన్నవాళ్లకు, శరీర శ్రమ ఎక్కువ చేసేవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

అప్పటికే మూడు ప్రయత్నాలు జరిగాయి. వేడి ఆముదంతో మర్దన చేశారు. అది హాయిగా ఉండేది కానీ మర్నాటికి మామూలే. తెలిసినవాళ్లు ఎవరో చెప్పారని పది రోజులు మంచం దిగకుండా పడుకుంది. నొప్పి తగ్గింది. పదకొండో రోజు లేచి మిషన్ ఎక్కేసరికి ముందుకంటే ఎక్కువైంది, కాళ్లలో బలం కూడా పోయినట్టుంది. మూడోది నన్ను కలవరపెట్టింది. 22వ వారంలో మందుల షాపులో అడిగి నాలుగు రోజులు డైక్లోఫినాక్ వేసుకుంది. ఆ కోవకు చెందిన నొప్పి మాత్రలను 20 వారాలు దాటాక వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. బిడ్డ కిడ్నీల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉంది. నెలలు పైబడ్డాక బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళం ముందే మూసుకుపోయే ముప్పు కూడా ఉంది. ఆ రోజే ఆమె గైనకాలజిస్టుకు ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు స్కాన్ చేశారు, ఉమ్మనీరు మామూలుగానే ఉంది. ఇక మీదట అవసరమైతే పారాసిటమాల్ మాత్రమే, అదీ తనను అడిగే వేసుకోవాలని ఆవిడ గట్టిగా చెప్పారు.

చివర్లో, అత్తగారు పాపను ఆడించడానికి బయటికి వెళ్లాక, ఆమె అసలు భయం చెప్పింది. "ముందు వైపు అంత బరువుగా ఉంటుంటే బిడ్డ జారిపోతోందేమో అనిపిస్తుంది మేడమ్. ఎవరితోనూ అనలేదు." ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. నొప్పి ఎంత అని అడిగితే సరిపోదు, నొప్పి గురించి ఏమనుకుంటున్నావని కూడా అడగాలి. అడక్కపోతే ఎవరూ చెప్పరు.

పరీక్షలో తేలింది

గర్భిణికి నడుము కింద నొప్పి అనగానే అది కీళ్ల నొప్పే అనుకోకూడదు. ముందు మిగతావన్నీ తీసేసుకుంటూ రావాలి. రక్తస్రావం, నీరు పోవడం, పొట్ట ఉండుండి గట్టిపడటం, జ్వరం, మూత్రంలో మంట, బిడ్డ కదలిక తగ్గడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, కాళ్ల మధ్య తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నా బల్ల మీద పడుకోబెట్టే ముందు డాక్టర్ దగ్గరికి పంపాలి. ఆమెకు ఏదీ లేదు. నడుము వంచినా, వెనక్కి వాల్చినా నొప్పి మారలేదు. కాలిలోకి నొప్పి పాకడం లేదు, స్పర్శ, బలం బాగున్నాయి. కాబట్టి వెన్నుపూసల నుంచి నరం నొక్కుకుపోవడం కాదు. తుంటి కీలు అన్ని వైపులా తేలిగ్గా తిరిగింది. నెలలు పెరిగాక అరుదుగా తుంటి ఎముక తాత్కాలికంగా గుల్లబారుతుంది. అప్పుడు గజ్జల్లో నొప్పితో కుంటుతారు. అందుకే ఆ కీలును విడిగా చూశాను.

ఇక కటి వలయం. రెండు తుంటి ఎముకలు వెనక త్రికాస్థికి, అంటే వెన్నెముక అడుగున ఉండే ఎముకకు, చెరో వైపున, ముందు ఒకదానికొకటి కలిసి గుండ్రటి వలయంలా ఉంటాయి. దానిలో మూడు అతుకులు. నడిచేటప్పుడు పైనున్న ఒంటి బరువంతా ఈ వలయం గుండానే ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. యూరప్ నిపుణులు 2008లో ప్రచురించిన మార్గదర్శకాలు చెప్పిన పరీక్షలనే నేను చేస్తాను. వీటికి ఎక్స్‌రే అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు.

మోకాలు మడిచి తొడను నిలువుగా పెట్టి కిందికి నొక్కితే కుడివైపు పిరుదులో ఆమె రోజూ పడే నొప్పే వచ్చింది. ఎడమ వైపు రాలేదు. కుడి మడమను ఎడమ మోకాలి మీద పెట్టి మోకాలిని పక్కకు వాలిస్తే వెనకా, ముందూ రెండు చోట్లా నొప్పి. ముందు అతుకును వేలితో నొక్కి వదిలాక కూడా నొప్పి ఐదు సెకన్లకు పైగా నిలిచింది. ఒంటికాలి మీద నిలబడితే, ఏ కాలైనా, ముందు ఎముక దగ్గర పట్టేసింది.

నాకు బాగా ఉపయోగపడింది కాలు ఎత్తే పరీక్ష. వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా 20 సెంటీమీటర్లు ఎత్తాలి. ఎంత కష్టంగా ఉందో సున్నా నుంచి ఐదు వరకు ఆమే చెప్పాలి. నెలలు పెరిగాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టను కాబట్టి తల కింద, భుజాల కింద దిండ్లు పెట్టి ఒక్క నిమిషంలో ముగించాను. కుడి కాలు 4, ఎడమ కాలు 2. మొత్తం పదికి 6. తర్వాత నా రెండు చేతులతో తుంటికి రెండు వైపులా ఒత్తి పట్టుకుని మళ్లీ ఎత్తమన్నాను. కుడి కాలు 4 నుంచి 2కి దిగింది. ఆమె ముఖం మారింది. "అదేంటి, తేలిగ్గా వచ్చింది?" అంది. అక్కడే విషయం తేలింది. కాలిలో బలం లేక కాదు. బరువు మోసేటప్పుడు వలయాన్ని పట్టి ఉంచే బిగింపు సరిగా అందడం లేదు. బయటి నుంచి అందిస్తే కాలు లేస్తోంది.

అత్తగారు మళ్లీ లోపలికి వచ్చి అడిగారు. "ఎముకలు విచ్చుకుంటున్నాయి కదమ్మా, దానికి ఏం చేస్తాం? మా రోజుల్లో నెలలు నిండేదాకా నాట్లు వేసేవాళ్లం." ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు. నేను కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. ముందు అతుకులో మామూలుగానే 4, 5 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. గర్భంలో అది ఇంకో 2, 3 మిల్లీమీటర్లు పెరగడం అందరిలోనూ జరిగేదే, కాన్పుకు శరీరం సిద్ధపడటమే. 10 మిల్లీమీటర్లు దాటితేనే అతుకు విడిపోయిందంటాం, అది అరుదు. సందు ఎక్కువున్నవాళ్లకు నొప్పి ఎక్కువ, తక్కువున్నవాళ్లకు తక్కువ అనే లెక్కేమీ లేదు. కీళ్లను వదులు చేసే రిలాక్సిన్ అనే హార్మోన్ వల్లే అంతా అని చాలామంది చెబుతారు కానీ, రక్తంలో దాని పాళ్లకూ నొప్పి తీవ్రతకూ స్పష్టమైన సంబంధం దొరకలేదు. గర్భిణుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ నొప్పి వస్తుంది. మిగతా నలుగురికీ కీళ్లు వదులవుతాయి, నొప్పి మాత్రం రాదు. కాబట్టి వదులు కావడం ఒక్కటే కారణం కాదు. రోజంతా ఆ వలయం మీద పడే భారం, దాన్ని పట్టుకునే కండరాల తీరు, నిద్ర, టెన్షన్ అన్నీ కలిసి వస్తాయి. బిడ్డ ఉండేది గర్భసంచిలో, ఈ అతుకులో కాదు. అతుకు నొప్పి పెడితే బిడ్డ జారదు. ఈ చివరి వాక్యాన్ని ఆమె వైపు తిరిగి రెండుసార్లు చెప్పాను.

కొలతల పుస్తకం

"రోజుకు మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగుతావమ్మా?" అని అడిగితే "నాలుగైదుసార్లు" అంది. అది నిజం కాదని నాకు అనుమానం. అబద్ధమని కాదు, అలవాటైన పనిని ఎవరూ లెక్కపెట్టరు. వారం పాటు రాయమన్నాను. కస్టమర్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల్లో రాస్తానంది. నాలుగు గడులు: మెట్లు ఎన్నిసార్లు, మిషన్ మీద ఎంతసేపు, పాపను ఎన్నిసార్లు ఎత్తుకుంది, రాత్రి పక్క తిరిగేటప్పుడు నొప్పి ఎంత.

వారం తర్వాత ఆ పుస్తకం చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మెట్లు రోజుకు 12 నుంచి 15 సార్లు. పాలవాడు వస్తే, కస్టమర్ వస్తే, పాప ఏడిస్తే, కుక్కర్ విజిల్ వేస్తే. మెట్లు 18. మిషన్ మీద వరుసగా రెండున్నర గంటలు. పాపను ప్రతిసారీ కుడి చంకన ఎత్తుకోవడం. ఇంకొకటి కూడా అందులో కనిపించింది. ఎక్కువ పని చేసిన రోజు పగలు నొప్పి పెద్దగా లేదు, ఆ రాత్రి 7, 8. ఆదివారం పని లేదు, ఆ రాత్రి 4. సోమవారం "బాగుంది కదా" అని రెట్టింపు పని, ఆ రాత్రి 8.

ఈ నొప్పితో చిక్కంతా ఇక్కడే ఉంది. పని చేస్తున్నప్పుడు అది గట్టిగా అరవదు, కొన్ని గంటల తర్వాత అరుస్తుంది. అందుకని ఏ పనికి ఏ నొప్పో ముడిపెట్టుకోలేక, "ఉత్తినే వస్తోంది, గర్భం కదా" అనుకుంటారు. నొప్పి లేనప్పుడు విరగబడి చేయడం, వచ్చాక మంచాన పడటం, మళ్లీ విరగబడటం. ఆమె పది రోజుల మంచం విశ్రాంతి ఎందుకు బెడిసికొట్టిందో కూడా ఆ పేజీల్లోనే దొరికింది. అందుకే ఇద్దరం ఒక కొలమానం పెట్టుకున్నాం. రాత్రి నొప్పి 3 లోపు ఉంటే ఆ రోజు చేసిన పని ఆమెకు సరిపోయింది. 5 దాటితే మర్నాడు మూడో వంతు పని తగ్గించాలి, పూర్తిగా మానకూడదు. ఇది పుస్తకాల్లోని సూత్రం కాదు, నేను వాడే లెక్క.

ఇంట్లో మార్చినవి

ముందు నడక, పడక. కాళ్లు రెండూ ఎడం కాకుండా, ఒకేసారి కదలాలి అన్నదే మూలం. మంచం మీద తిరిగేటప్పుడు మోకాళ్లు మడిచి, మధ్య చిన్న దిండు నొక్కి పట్టి, భుజాలు, నడుము, మోకాళ్లు అన్నీ ఒక్క దుంగలా తిప్పాలి. ఆమెకు దూది పరుపు. నడుము దగ్గర గుంట పడి ఉంది, అందులోంచి తిరగడమే కష్టం. పరుపు తిరగేసి వేయించాం. ఒంటి కింద నున్నటి గుడ్డ ఉంటే తేలిగ్గా జారుతుందని చెప్పాను. మర్నాడే మిగిలిపోయిన సాటిన్ లైనింగ్ ముక్కలు కలిపి మంచానికి అడ్డంగా ఒక పట్టీ కుట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరు గర్భిణులకు నేను అదే చేయించాను.

లంగా, ప్యాంటు కూర్చునే వేసుకోవాలి. బండి మీద ఒకపక్కగా కూర్చోవడం మానాలి. ఆటో ఎక్కేటప్పుడు మొదట సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. వాళ్లది నేల మీద కూర్చునే మరుగుదొడ్డి. దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ సర్జికల్ షాపులో దొరికింది. పాప పని ఎక్కువ కష్టపెట్టింది, ఎందుకంటే పాపకు అర్థం కాదు. చివరికి "అమ్మ కూర్చుంటుంది, నువ్వు ఎక్కు" అనే ఆట అలవాటు చేశారు. నిలబడి ఎత్తుకోవడం పూర్తిగా ఆగలేదు, రోజుకు రెండు మూడుసార్లకు వచ్చింది.

మెట్లు రోజుకు నాలుగుసార్లకు దించాం. కింది గదిలోనే ఫ్లాస్కు, పాప బొమ్మలు, మధ్యాహ్నం పడుకోవడానికి మడత మంచం వచ్చాయి. ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కుడి కాలు, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ కలపాలి.

ఇక మిషన్. దాన్ని చూడటానికే నేను ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను, మంచి పని చేశాను. తొక్కుడు మిషన్‌లో ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మడమ, మునివేళ్లు మార్చి మార్చి నొక్కాలి. రెండు తుంటి ఎముకలూ ఒకదానికొకటి ఎదురుగా కదులుతూనే ఉంటాయి, గంటకు వేలసార్లు. పైగా బట్ట కత్తిరించేది నేల మీద, గొంతుకూర్చుని, మోకాళ్లు బాగా ఎడం చేసి. ఏ వ్యాయామం ఇచ్చినా ఈ రెంటి ముందు నిలబడదు. మిషన్‌కు మోటారు బిగించమన్నాను. భర్త డబ్బు లెక్క చూసుకుని కొంచెం తటపటాయించారు, రెండు రోజుల్లో సెకండ్ హ్యాండ్ మోటారు దొరికింది. దాని పెడల్‌ను మధ్యలో పెట్టించి గంటకోసారి కాలు మార్చమన్నాను. ఇస్త్రీ బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టి, కత్తిరింపు నిలబడి చేసేలా ఎత్తు చేశారు. నలభై నిమిషాలకు ఒకసారి లేచి గదిలోనే నాలుగు అడుగులు.

హెమ్మింగ్, హుక్కులు, కాజాలు అత్తగారు తీసుకున్నారు. ఎవరూ అడగలేదు. "నాకు కళ్లజోడుంది, చేతులున్నాయి, మిషనే తొక్కలేను" అన్నారట. రోజుకు ఆరు జాకెట్లు నాలుగుకు దిగాయి, కానీ ఆర్డర్లు వెనక్కి పోలేదు.

బెల్టు గురించి రెండు మాటలు. పొట్టను ఎత్తిపట్టే వెడల్పు బెల్టు వేరు, కటి బెల్టు వేరు. ఆమె కొనుక్కున్నది మొదటిది, నడుముకు కట్టుకుంటోంది, ఉపయోగం లేదు. ఏ ఎత్తులో కట్టాలో తేల్చడానికి నా చేతులతో రెండు చోట్ల ఒత్తి కాలు ఎత్తించి చూశాను. తుంటి ఎముక పైమొనల కింద ఒత్తితే కొంచెం తేలిక, ఇంకా కింద, ముందు అతుకు ఎత్తులో ఒత్తితే బాగా తేలిక. అందరికీ ఇలాగే ఉండదు, కొందరికి పైన కడితేనే పనిచేస్తుంది. మెత్తటి సన్నని బెల్టు కింది ఎత్తులో, నడిచేటప్పుడు, నిలబడి కత్తిరించేటప్పుడు మాత్రమే కట్టమన్నాను. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు తీసేయాలి.

నా పొరపాటు

25వ వారంలో వ్యాయామాలు మొదలుపెట్టాను. పిరుదు కండరాలు బలహీనంగా ఉన్నాయని, పక్కకు పడుకుని పాదాలు కలిపి పై మోకాలిని గవ్వ తెరిచినట్టు తెరిచే వ్యాయామం ఇచ్చాను. రబ్బరు బ్యాండు కూడా కట్టాను. నడుము నొప్పివాళ్లకు రోజూ ఇచ్చేది, చేయి అలవాటుగా అటు పోయింది. నాలుగో రోజు ఆమె ఫోన్ చేసి, రాత్రి నొప్పి 8 అని, బాత్రూమ్‌కు లేవడానికి భర్త పట్టుకోవాల్సి వచ్చిందని చెప్పింది. పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ మూడు రోజులూ మెట్లు తగ్గాయి, మిషన్ తగ్గింది, కొత్తగా చేరింది సాయంత్రం ఆరింటి వ్యాయామం ఒక్కటే. కాళ్లు ఎడం చేయొద్దని ఒక చేత్తో చెబుతూ, ఇంకో చేత్తో కాళ్లు ఎడం చేసే వ్యాయామాన్ని బరువు పెట్టి మరీ ఇచ్చాను. తప్పు నాదేనని ఆమెకు చెప్పాను. లేకపోతే "వ్యాయామం నాకు పడదు" అనుకుని అన్నీ మానేసేది.

మూడు రోజులు అన్నీ ఆపి, మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాం. పక్కకు పడుకుని ఊపిరి వదులుతూ కింది పొట్టను, మూత్రం ఆపుకునే కండరాలను మెల్లగా లోపలికి లాగడం, ఊపిరి పీలుస్తూ పూర్తిగా వదిలేయడం. వదలడం కూడా అంతే ముఖ్యం. నొప్పికి భయపడి ఆ కండరాలను ఎప్పుడూ బిగపట్టుకునేవాళ్లు ఉంటారు, ఈమె కూడా కొంత అలాగే ఉంది. కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య దిండును పావు వంతు బలంతో ఐదు సెకన్లు నొక్కడం, ఎనిమిదిసార్లు. గోడకు ఆనుకుని కొంచెం కిందికి జారి లేవడం. చేతులు, మోకాళ్ల మీద ఉండి వీపును నెమ్మదిగా ఎత్తి దించడం. పొట్ట బరువు కిందికి వేలాడితే వలయానికి కాసేపు ఊరట. వారం తర్వాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. ఈ అన్నిటికీ పావుగంట చాలు, రోజుకు రెండుసార్లు. క్లినిక్‌కు వచ్చినప్పుడు పక్కకు పడుకోబెట్టి కుడి పిరుదు కండరాలను చేత్తో సడలించేదాన్ని. కరెంటు, అల్ట్రాసౌండ్ యంత్రాలు పెట్టలేదు. నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని గర్భిణి నడుము మీద, పొట్ట మీద వాడకూడదు. స్కాన్ తీసే అల్ట్రాసౌండ్ వేరు.

28వ వారానికి రాత్రి నొప్పి 4. కాలు ఎత్తే పరీక్ష 6 నుంచి 3కి దిగింది. నడక పది నిమిషాల నుంచి పాతిక నిమిషాలకు పెరిగింది.

31వ వారం

శ్రావణ శుక్రవారాల హడావిడిలో ఒక మధ్యాహ్నం ఫోన్. "మళ్లీ మొదలైంది మేడమ్, ముందు వైపే." ఎక్కువ పని చేసి ఉంటుందనుకోవడం ఎంత తేలికో. కానీ అడిగితే మెట్లు ఎక్కినా, ఎక్కకపోయినా ఒకేలా ఉందంది. పడుకున్నా తగ్గడం లేదు. పొట్ట ఉండుండి బిగుస్తోంది. మూత్రానికి వెళ్తే మంట. ఇది ఆ నొప్పి కాదు. కటి నొప్పి కదలికతో పెరుగుతుంది, ఒత్తిగిలి పడుకుంటే ఎంతో కొంత తగ్గుతుంది. క్లినిక్‌కు రావద్దని, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. ఆ సాయంత్రమంతా ఆస్పత్రిలోనే ఉంచి చూశారు. పొట్ట బిగింపు ఆగింది, గర్భద్వారం తెరుచుకోలేదు, గర్భంలో వాడదగిన యాంటీబయాటిక్ ఇచ్చి మర్నాడు పంపించారు. ఒకసారి పేరు పెట్టిన నొప్పికి ప్రతిసారీ అదే పేరు పెట్టడం ఎంత ప్రమాదమో ఆ రోజు ఆమెకూ, ఆమె భర్తకూ కూర్చోబెట్టి చెప్పాను.

కాన్పు కాగితం

34వ వారంలో ఆమె అడిగింది. "ఈ నొప్పితో నార్మల్ డెలివరీ కుదరదట కదా? ఆపరేషనే మేలంటున్నారు." ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కన 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు, తెలంగాణలో 60.7 శాతం. ఇలాంటి చోట ఈ ప్రశ్న ఊరికే రాదు. కటి నొప్పి ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. కోత వల్ల ఈ నొప్పి త్వరగా పోతుందన్న హామీ కూడా లేదు. జాగ్రత్త పడాల్సింది కాన్పు సమయంలో కాళ్లను ఎంత ఎడం చేస్తారన్న దాంట్లో.

అందుకే నొప్పి లేకుండా మోకాళ్లు ఎంత దూరం తెరుచుకుంటాయో టేపుతో కొలిచాం. మొదటి రోజు 18 సెంటీమీటర్లు ఉన్నది 36వ వారానికి 38 అయింది. ఆ కొలతతో ఒక పేజీ ఉత్తరం డాక్టర్ గారికి రాశాను. వీలైనంత సేపు ఎడమ పక్కకు ఒత్తిగిలి గానీ, చేతులు, మోకాళ్ల మీద గానీ ఉండనివ్వమని. కాళ్లు పైకెత్తి కట్టాల్సి వస్తే రెండూ ఒకేసారి ఎత్తి, ఒకేసారి దించి, తక్కువ సేపు ఉంచమని. నడుముకు మత్తు ఇస్తే ఈ 38 సెంటీమీటర్ల హద్దు ఇంకా ముఖ్యమని, ఎందుకంటే అప్పుడు నొప్పి హెచ్చరిక ఆమెకు తెలియదు. డాక్టర్ గారు చదివి కేస్ షీట్‌కు పిన్ చేయించారు. డ్యూటీ నర్సుకు కూడా చూపించమని ఆవిడే చెప్పారు.

39వ వారంలో నార్మల్ డెలివరీ. బాబు, 2.9 కిలోలు. నొప్పులు పడినంతసేపూ ఒత్తిగిలే ఉంది. కుట్లు వేయడానికి మాత్రం కొన్ని నిమిషాలు కాళ్లు ఎత్తి పెట్టారు, అప్పుడు నర్సు టేపు పట్టుకుని నిలబడిందట. ఆ నర్సును నేను ఇంతవరకు కలవలేదు. కలిస్తే దండం పెడతాను.

బాలింతగా

బిడ్డ పుట్టగానే ఈ నొప్పి పోతుందంటారు. చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, కొందరికి తగ్గదు. మొదటి వారం ఆమెకు రాత్రి నొప్పి 5. ఒత్తిగిలి పాలివ్వడం, ఒళ్లో దిండు పెట్టుకుని కుర్చీలో ఇవ్వడం రెండూ నేర్పాను. చీరతో నడికట్టు కడతామని అత్తగారు అడిగితే సరేనన్నాను, పొట్ట మీద బిగించకుండా తుంటి చుట్టూ, ఊపిరి ఆడేంత వదులుగా. పీట మీద కూర్చుని కాళ్లు చాపి బిడ్డకు నీళ్లు పోయడం మూడు నెలలు ఆవిడే చేశారు.

ఆరు వారాలకు నొప్పి 2, కాలు ఎత్తే పరీక్ష 1. తొడను నొక్కే పరీక్షలో కుడివైపు ఇంకా కొంచెం నొప్పి. అప్పుడు గవ్వ తెరిచే వ్యాయామాన్ని బ్యాండు లేకుండా, చిన్న కదలికతో మళ్లీ ఇచ్చాను, ఈసారి పడింది. ఒంటికాలి మీద నిలబడటం, మెట్టు ఎక్కి దిగడం చేర్చాను. పన్నెండు వారాలకు నొప్పి చాలా రోజుల్లో సున్నా, పని ఎక్కువైన రోజు 1 లేదా 2. కుడి కాలి మీద అరనిమిషం నిలబడగలుగుతోంది, ఆ తర్వాత ముందు వైపు పట్టు వస్తోంది. అది ఇంకా తీరలేదు, కేసు నేను మూసేయలేదు. నెలకోసారి రమ్మన్నాను, మిషన్‌కు మోటారు తీయొద్దన్నాను.

పోయినసారి వచ్చినప్పుడు బాబు అత్తగారి చేతిలో ఉన్నాడు. ఆమె గోడ పట్టుకోకుండా, కుడి కాలు ముందు పెట్టి మా మెట్టు ఎక్కింది. కొలతల పుస్తకం తెచ్చింది. వెనక పేజీలు అయిపోయాయని కొత్త పుస్తకంలో గీతలు గీసుకుంది, ఈసారి ఐదు గడులు. ఐదోది రాత్రి ఎన్ని గంటలు నిద్ర పట్టిందో రాయడానికట.